ఊట పిండేవాళ్లూ, ఊట తినేవాళ్లూ

కోల్‌స్లా అంటే మన పట్టణాల్లో ఎక్కువమందికి తెలిసింది ఒక్కటే. వేయించిన చికెన్ అమ్మే దుకాణాల్లో, మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ కప్పులో వస్తుంది. తెల్లగా, తియ్యగా, నానిపోయి ఉంటుంది. చాలామంది మూత తియ్యకుండానే దాన్ని ట్రేతో పాటు చెత్తబుట్టలోకి పంపేస్తారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ కప్పును చూసి స్లా అంటే ఇంతేనని తేల్చెయ్యడం, పెళ్లి భోజనాల్లో బకెట్లోంచి గరిటెతో వేసిన సాంబారు తిని తెలుగువాళ్ల పులుసులన్నిటి మీదా తీర్పు చెప్పడం లాంటిది.

దాన్ని సొంతగడ్డ మీద చూడాలంటే అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రానికి పోవాలి. అక్కడ లెక్సింగ్టన్ అని ఒక చిన్న పట్టణం ఉంది, డేవిడ్‌సన్ కౌంటీకి కేంద్రం. పంది భుజం మాంసాన్ని హికరీ కట్టెల నిప్పుల మీద గంటల తరబడి కాల్చి, ముక్కలు కొట్టి పెట్టే బార్బెక్యూకు ఆ ఊరు పేరుపొందింది. 1919 ప్రాంతంలో కోర్టు ఎదురుగా గుడారం వేసి, కోర్టు పనుల మీద వచ్చే పల్లె జనానికి అమ్మడంతో మొదలైన వ్యాపారమిది. 1984 నుంచి ఏటా అక్టోబరులో దాని పేరు మీద ఓ పెద్ద ఉత్సవమే జరుగుతోంది. అక్కడ మాంసం పక్కన వచ్చే స్లా ఎర్రగా ఉంటుంది. మయోనైజ్ చుక్క కూడా పడదు. క్యాబేజీని దాదాపు ఉప్మారవ్వ అంత సన్నగా కొట్టి, వెనిగర్, కెచప్, కాస్త చక్కెర, మిరియాలు, ఎండుమిరప కలిపిన రసంలో తడుపుతారు. మాంసం మీద పోసే రసం కూడా ఇంచుమించు అదే. దాన్ని అక్కడ డిప్ అంటారు. రాష్ట్రంలో తూర్పు జిల్లాలవాళ్ల దగ్గర ఈ ఎర్ర స్లా మాటెత్తితే మొహం చిట్లిస్తారు. అక్కడ పందిని మొత్తంగా కాలుస్తారు, రసంలో కెచప్ వెయ్యరు, స్లా తెల్లగానో ఆవపిండి పచ్చగానో ఉంటుంది. గోంగూరలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అని మన ఇళ్లలో తగవు పడ్డట్టే వాళ్లూ తరాలుగా పడుతున్నారు.

రంగు ఏదైనా పని ఒకటే. పంది కొవ్వు నాలుక మీద పరుచుకుంటుంది, పొగ వాసన ముక్కులో నిలబడిపోతుంది. ఆ బరువును దించడానికి పుల్లగా, చల్లగా, కరకరలాడేది ఏదో ఒకటి కావాలి. అందుకే అక్కడ స్లాను గుప్పెడంత పెడతారు. బన్నులో మాంసంతో పాటే కూరతారు, హాట్‌డాగ్ మీద కూడా వేస్తారు. ఆవకాయలా వేలితో అద్దుకుని నాకే వస్తువు కాదు. పచ్చి కూరగాయను కూరంత పరిమాణంలో తినడం అనే ఈ అలవాటే మనం ముందుగా గమనించాల్సింది. మిగతా సంగతులు తర్వాత.

అసలు ఈ వంట అక్కడివాళ్లదీ కాదు. స్వీడన్ నుంచి వృక్షాలను చూడ్డానికి ఉత్తర అమెరికా వెళ్లిన పేర్ కాల్మ్ అనే శాస్త్రజ్ఞుడు 1749లో ఆల్బనీ పట్టణంలో ఒక డచ్ ఇల్లాలి ఇంట్లో బస చేశాడు. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడాయన. చెట్టూ పుట్టా రాసుకోవాల్సిన తన పుస్తకంలోనే ఆ ఇల్లాలు చేసి పెట్టిన క్యాబేజీ సలాడ్ గురించి కూడా రాసుకున్నాడు. సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, వెనిగర్, నూనె, ఉప్పు, మిరియాలు. నూనెకు బదులు కరిగించిన వెన్న పోసినా బాగుంటుందని ఆమె చెప్పిందట. అతనికి బాగా నచ్చింది. మొదటి రూపం అంతే. పుల్లనిది, కొవ్వు, ఉప్పు, కారం, పచ్చి ఆకు. మన పచ్చళ్ల లెక్క తెలిసినవాళ్లకు ఇందులో కొత్తగా కనబడేది ఏమీ ఉండదు, క్యాబేజీని పచ్చిగా తినడం తప్ప.

మయోనైజ్ తర్వాత వచ్చి ఎక్కింది. న్యూయార్క్‌లో రిచర్డ్ హెల్మన్ అనే జర్మన్ వలసదారు తన దుకాణంలో అమ్మే మయోనైజ్‌ను 1912లో గాజుసీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో యూజీనియా డ్యూక్ అనే ఆవిడ 1917లో దగ్గర్లోని శిక్షణ శిబిరంలో ఉన్న సైనికులకు శాండ్‌విచ్‌లు చేసి అమ్మింది. వాటిలోని మయోనైజ్‌కే పేరొచ్చింది. చక్కెర లేని ఆ మయోనైజ్ కోసం దక్షిణాది ఇళ్లలో ఇవాళ్టికీ పట్టుబడతారు. సీసాలో సిద్ధంగా దొరికే తెల్లటి గుజ్జు వంటింట్లోకి వచ్చాక నూనె, వెనిగర్ కొలుచుకునే ఓపిక ఎవరికుంటుంది? స్లా తెల్లబడింది. ఆ తెల్లటిదే గొలుసు దుకాణాలతో పాటు మన దాకా వచ్చింది. కాబట్టి నేర్చుకునేటప్పుడు మయోనైజ్‌ను పక్కన పెట్టేద్దాం. అది స్లాకు పై తొడుగు మాత్రమే.

ఇక స్లాను ఎండాకాలంలో చేసుకునే సంగతికి వస్తే, క్యాబేజీ చలికాలపు పంట. ఎండ ముదిరితే మైదానాల్లో గడ్డ బిగుసుకోదు, ఆకు గట్టిపడుతుంది. మనకూ అంతే, కరోలినాకూ అంతే. జులై, ఆగస్టుల్లో అక్కడి పెరళ్లలో కాసేవి వేరే ఉంటాయి: జుకినీ, పసుపు స్క్వాష్, కీర దోస, మొక్కజొన్న, క్యాప్సికం, టమాటా. ఇంటివాళ్లు క్యాబేజీ కోసం ఎదురుచూడకుండా వాటినే సన్నగా తరిగి స్లా చేస్తారు. ముఖ్యంగా జుకినీ. ఒక్క పాదు పెడితే ఇల్లంతా తిన్నా తరగదు. రెండు రోజులు కొయ్యడం మరిచిపోతే ముంజేయంత అవుతుంది. ఆగస్టు 8న చీకట్లో పొరుగింటివాళ్ల వరండాలో జుకినీ పెట్టి పారిపోయే దినం అని ఒకటి సరదాకి పెట్టుకున్నారంటే అది ఎంత కాస్తుందో ఊహించుకోవచ్చు. రాలీ పక్కన కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడ్డ మనవాళ్ల పెరళ్లలో గోంగూర, బెండ, ఆనప, దోసపాదులు కనిపిస్తాయి. పొరుగువాళ్లు తెచ్చిచ్చిన జుకినీని ఆనపకాయ అనుకుని పప్పులోనో పులుసులోనో వేసేసేవాళ్లు వాళ్లలో ఎందరో. పచ్చిగా తినొచ్చని తోచదు. తోచినా, ఒకసారి తరిగి నిమ్మరసం పిండి చూసినవాళ్లు రెండోసారి జోలికి పోరు. పావుగంటలో గిన్నె అడుగున గ్లాసెడు నీళ్లు చేరతాయి. ముక్క వాడిపోతుంది, పులుపు చప్పబడుతుంది, ఉప్పు ఎక్కడికి పోయిందో తెలియదు.

స్లా చెయ్యడమంటే అసలు ఈ నీళ్లతో వ్యవహారం. క్యాబేజీలో 92 శాతం నీరే. జుకినీ, కీర దోస, టమాటాల్లో 95 శాతం దాకా ఉంటుంది. కొరికినప్పుడు కరకరమనడానికి కారణమూ ఆ నీరే. ప్రతి కణమూ నీళ్లతో నిండి బిగిసి ఉంటుంది. ఉప్పు తగిలిందంటే కణం లోపలి నీరు పొరలు దాటి బయటికి వస్తుంది. చక్కెర కూడా అదే పని చేస్తుంది, కాస్త మెల్లగా. నీరు ఎలాగూ వస్తుంది. అది భోజనానికి ముందు మన చేతిలో వస్తుందా, భోజనం మధ్యలో కంచంలో వస్తుందా అన్నదే తేడా. వేసవి కూరగాయలతో స్లా చేసే అమెరికన్ ఇల్లాళ్లు ముందే రప్పిస్తారు. తరిగిన అర కిలో కూరగాయకు సుమారు చెంచాడు ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో వేసి అరగంట వదిలేస్తారు. దిగిన నీటిని పారబోసి, ముక్కను గుడ్డలో వేసి పిండుతారు. అప్పుడు కణాల్లోని బిగువు తగ్గుతుంది కానీ కణాల గోడలు అలాగే నిలబడి ఉంటాయి. అందుకే ముక్క వంచితే విరగకుండా వంగుతుంది, కొరికితే మాత్రం చప్పుడు చేస్తుంది. దానికి ఇప్పుడు పులుపూ నూనే కలిపితే చప్పబడవు, ముక్కలోకి ఇంకుతాయి.

ఇది చదువుతుంటే మాగాయ పెట్టే ఇళ్లలో ఎవరికైనా నవ్వొస్తుంది. మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వెయ్యడం, మూడోరోజు ముక్కల్ని పిండి ఎండలో ఆరబెట్టడం, ఊటను విడిగా ఎండకు పెట్టడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అమెరికన్ వంట పుస్తకాలు ఎంతో చాకచక్యంగా చెప్పే ఈ ఉప్పు మెళకువ మన అమ్మమ్మల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. తేడా రెండు చోట్ల. మనం మూడు రోజులు ఆగి ఏడాదికి సరిపడా దాచుకుంటాం, వాళ్లు అరగంట ఆగి ఆ పూటే తినేస్తారు. రెండోది ఇంకా పెద్ద తేడా. వాళ్లు ఆ నీటిని పారబోస్తారు. మనం ఒక్క చుక్క పోనివ్వం. మాగాయలో ఆరిన ముక్కల్ని మళ్లీ ఆ ఊటలోనే వేస్తాం.

దోసావకాయ సంగతి ఇంకా విచిత్రం. పచ్చి దోసకాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. పొద్దున కలిపితే మధ్యాహ్నానికి ఊట పైకి తేలుతుంది. ఆ ఊట కోసమే దోసావకాయ కలుపుతారంటే అతిశయోక్తి కాదు. వేడన్నంలో ముక్కకన్నా ముందు ఊటే కలుపుకుంటాం. లెక్సింగ్టన్ మనిషి దోసావకాయను చూస్తే నీరుకారిన స్లా అనుకుంటాడు. మనం స్లాను చూసి రసం పిండేసిన పిప్పి అనుకుంటాం. ఇద్దరూ తప్పు కాదు. కంచంలో ఏముందన్న దాన్ని బట్టే ఉంటుంది. బన్ను నీళ్లు పడితే చితికి చేతిలోనే విడిపోతుంది. అన్నం పీల్చుకుని రుచెక్కుతుంది. రొట్టె తినే జనం పచ్చి కూరగాయలోంచి నీళ్లు తీసేశారు, అన్నం తినే జనం ఆ నీళ్లనే కూర చేసుకున్నారు.

థాయిలాండ్ ఈశాన్యాన ఈసాన్ ప్రాంతం, దాని పక్కన లావోస్ చూస్తే ఈ మాట ఇంకాస్త తేటపడుతుంది. అక్కడ పచ్చి బొప్పాయిని సన్నటి పోగుల్లా తరిగి రోట్లో వేస్తారు. ఎండు రొయ్యలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, అలసంద కాయలు, టమాటా, తాటిబెల్లం, నిమ్మరసం, చేపల రసం. రోకలితో నూరరు. ఒక చేత్తో గరిటెతో కింది నుంచి తిప్పుతూ రెండో చేత్తో మెల్లగా పోట్లు వేస్తారు. ముక్క నలుగుతుంది, నుజ్జవదు. ఆ నలిగిన చోట రసం లోపలికి పోతుంది, లోపలి నీరు బయటికి వస్తుంది. ఉప్పు అరగంటలో చేసే పనిని రోకలి నిమిషంలో చేస్తుంది. అడుగున చేరిన నీటిని ఎవరూ పారబోయరు. జిగురు అన్నాన్ని ముద్ద చేసి దాంట్లో అద్దుకుని తింటారు. వాళ్లూ అన్నం జనమే కదా. రోటి పచ్చడిలో చివర్న దోసకాయ ముక్కలు వేసి కచ్చాపచ్చాగా రెండు పోట్లు వేసే తెలుగింటికి ఈ రోలు చప్పుడు పరిచయమే. కాకపోతే మనం ఆ ముక్కల్ని గుప్పెడు వేస్తాం, వాళ్లు రోలు నిండా వేస్తారు.

మన దేశంలోనే వేరే రాష్ట్రాలవాళ్లు ఇంకొన్ని దారులు కనిపెట్టారు. మహారాష్ట్రలో కోషింబీర్ చేసేటప్పుడు తరిగిన కీర దోసలో వేయించిన పల్లీల పొడి కలుపుతారు. దిగిన నీటిని ఆ పొడి పీల్చుకుంటుంది. పిండక్కర్లేదు, పారబొయ్యక్కర్లేదు. గుజరాత్‌లో గాంఠియా పక్కన పెట్టే సంభారో ఇంకో రకం. క్యాబేజీ పోగులో, పచ్చి బొప్పాయి పోగులో ఆవాలు చిటపటలాడిన నూనెలో వేసి ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పి దించేస్తారు. పచ్చిదనం పోతుంది, కరకర మిగులుతుంది. స్లాకు పోపు పెడితే ఎలా ఉంటుందో ఊహించలేనివాళ్లు ముందు సంభారో తిని చూడాలి. ఎక్కడో మధ్య అమెరికాలోనూ ఇలాంటిదే ఒకటుంది: ఎల్ సాల్వడార్‌లో పుపుసా అనే మందపాటి మొక్కజొన్న రొట్టె మీద కుప్పగా వేసుకునే కుర్తీదో కోసం తరిగిన క్యాబేజీ మీద చాలామంది మరిగే నీళ్లు పోసి వెంటనే వంపేస్తారు. తర్వాత వెనిగర్, క్యారెట్, ఉల్లిపాయ, ఓరెగానో.

మరి మనకేమైంది? శ్రీరామనవమి నాడు వడపప్పు చేస్తాం. నానబెట్టిన పెసరపప్పులో కీర దోస, మామిడికాయ కోరు, కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర. పానకంతో పాటు ప్రసాదంగా గుప్పెట్లో పెడతారు. ఎండాకాలపు స్లా అంటూ మనకు ఒకటి ఉంటే అదే. కన్నడిగులు దాన్ని కోసంబరి అని ఏ పండగ భోజనంలోనైనా విస్తట్లో వడ్డిస్తారు. మనం నవమి వెళ్లగానే దాన్ని మళ్లీ ఏడాదికి పెట్టేస్తాం. సరిగ్గా ఆ నెలల్లోనే ఊరగాయల పని మొదలవుతుంది. పప్పన్నం, నెయ్యి, వేపుడు బరువును దించే పనిని ఏడాది పొడుగునా జాడీకి అప్పజెప్పేశాం. జాడీ ఆ పని గొప్పగానే చేస్తుంది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ అందులో ఉన్న ఉప్పూ కారమూ చూస్తే వేలెడంతకన్నా తినలేం. కూరగాయగా లెక్క కట్టలేం. తాజాగా ఉన్నది గుప్పెడు తినే చోటు కంచంలో ఖాళీగా ఉండిపోయింది.

ఖాళీగా ఉండడానికి కారణం రుచి ఒక్కటే అనుకోవడం అమాయకత్వం. పచ్చి కూర అంటే మన పెద్దవాళ్లకు అనుమానం. ఆ అనుమానానికి ఆధారం ఉంది. మూసీ పరివాహకంలో మురుగునీటితో ఆకుకూరలు పండిస్తున్నారని హైదరాబాదువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సంపన్న దేశాల్లో కూడా పచ్చి కూరగాయ దెబ్బతీసింది. 1981లో కెనడా తూర్పు తీరాన లిస్టీరియా అనే బ్యాక్టీరియా వల్ల 41 మంది జబ్బుపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది గర్భిణులు, అప్పుడే పుట్టిన పిల్లలు. కొందరు పసివాళ్లు చనిపోయారు, కొన్ని గర్భాలు నిలవలేదు. ఆరా తీస్తే కోల్‌స్లా దగ్గరికి చేరింది. ఆ స్లాకు క్యాబేజీ పంపిన ఒక రైతు పొలంలో గొర్రెల ఎరువు వేశాడు. ఆ మందలో లిస్టీరియా ఉంది. కోసిన క్యాబేజీని చలికాలమంతా చల్లటి కొట్టులో నిలవ ఉంచారు. మామూలు బ్యాక్టీరియా చలికి ముడుచుకుంటుంది, ఇది మాత్రం ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. లిస్టీరియా ఆహారం ద్వారా మనుషులకు సోకుతుందని గట్టిగా రుజువైంది ఈ సంఘటనతోనే. దీన్నిబట్టి పచ్చి కూరగాయ మానెయ్యమని అనను. నిలవ క్యాబేజీ కన్నా, తొక్క తీసి తినేవి, అప్పుడే కోసినవి మేలని మాత్రం అంటాను. కీర, దోస, మామిడి, బొప్పాయి, క్యారెట్‌లకు తొక్క తీస్తాం. క్యాబేజీ వాడితే పై ఆకులు నాలుగు తీసేసి, విప్పి, పారే నీళ్ల కింద కడగాలి. గర్భిణులకు, బాగా ముసలివాళ్లకు పచ్చిది పెట్టకుండా సంభారోలా ఒక నిమిషం మూకుట్లో తిప్పి పెడితే నష్టమేం లేదు. ఇంకో మాట. గది వేడి 32 డిగ్రీలు దాటితే తయారుచేసిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచొద్దని అమెరికా ప్రభుత్వం వాళ్ల జనానికి చెబుతుంది. మన మే నెలలో అంత చల్లటి మధ్యాహ్నం ఎక్కడుంది?

ఇక చెయ్యడం. ఇంట్లో నలుగురుంటే రెండు కీర దోసకాయలు, గట్టిగా ఉన్న ఒక పసుపు దోసకాయ, ఒక క్యారెట్, ఒక చిన్న ఉల్లిపాయ, సగం కలెక్టర్ మామిడికాయ. కావాలంటే లేత మొక్కజొన్న కండె గింజలు గుప్పెడు. కండె ఆ రోజు కోసిందైతే పచ్చివే తినొచ్చు, కోసినప్పటినుంచి గింజలోని తీపి పిండిగా మారుతూ పోతుంది కాబట్టి రెండు రోజులు ఆగినదైతే ఉడికించాలి. దోసకాయను, కీరను తరిగే ముందు ముక్క కొరికి చూడాలన్నది చెప్పక్కర్లేదు. చేదు దోసకాయ ఒక్కటి పడిందంటే గిన్నె మొత్తం పోతుందని తెలియని తెలుగిల్లు ఉండదు. దాని వెనక కుకుర్బిటసిన్ అనే పదార్థం ఉంది. జుకినీ, ఆనపకాయల్లో అది మరీ ఎక్కువైతే జబ్బుచేస్తుంది. చేదు తగిలితే ఉప్పుతో సరిచేద్దామని చూడకుండా పారేయాల్సిందే.

మామిడికాయను నిమ్మకు, వెనిగర్‌కు బదులుగానే ఎంచుకున్నాను. అమెరికాలో వెనిగర్ సీసాలోంచి రావాలి, ఈసాన్‌లో నిమ్మకాయ పిండాలి. మనకు మార్చి నుంచి జూన్ దాకా కొరికితే కరకరలాడే పులుపు చెట్టుకు వేలాడుతుంది. ముక్కే పులుపు, పులుపే ముక్క. ఇంత వసతి కరోలినాలో ఎవరికుంది! ఆవకాయకు వాడే పుల్లటి కాయలైతే మిగతావాటిని నోరెత్తనివ్వవు. కలెక్టర్ కాయ పులుపు మెత్తన, కండ గట్టి. ఉప్పూకారం అద్ది బండి మీద అమ్మేదీ ఆ కాయనే.

తరగడం మీదే సగం ఆధారపడి ఉంటుంది. తురుముపీట వాడొద్దు. తురిమితే కణాలు చిరిగి నీరంతా అక్కడే కారిపోతుంది, మిగిలేది ముద్ద. పదునైన కత్తితోనో, ఇంకా ఇంట్లో ఉంటే కత్తిపీట మీదో అగ్గిపుల్లలంత సన్నగా, కాస్త పొడుగ్గా తరగాలి. ముద్దపప్పులోకి క్యాబేజీని వెంట్రుకల్లా తరిగిన ఆడవాళ్లను కత్తిపీట ముందు చూసినవాళ్లకు, స్లా కోసం అమెరికాలో అమ్మే తరుగుడు పరికరాలు చూస్తే పెద్ద ఆశ్చర్యం కలగదు. దోసకాయ గింజల భాగాన్ని గీకి తీసేయాలి. ఆ జిగురులోనే నీరు ఎక్కువగా ఉంటుంది. అది మాత్రం పారబోయకుండా పప్పులో వేసుకోవచ్చు.

ఉల్లిపాయను విడిగా సన్నగా తరిగి చల్లటి నీళ్లలో పది నిమిషాలు వేసి వార్చితే ఘాటు తగ్గుతుంది. మిగతా ముక్కలన్నిటికీ, మామిడి తప్ప, ముప్పావు చెంచా ఉప్పు పట్టించి చిల్లుల గిన్నెలో అరగంట. కింద ఒక గిన్నె పెట్టాలి. తర్వాత గుప్పెట్లో తీసుకుని పిండాలి. గట్టిగా కాదు, కొబ్బరిపాలు తీసేటంత బలం అక్కర్లేదు. అప్పుడు మామిడి ముక్కలు, ఉల్లి, దంచిన పచ్చిమిర్చి ఒకటి, వేయించి బరకగా కొట్టిన పల్లీలు రెండు చెంచాలు. మళ్లీ ఉప్పు వేసే ముందు రుచి చూడాలి, చాలావరకు అక్కర్లేదు. పోపుకు చెంచా నువ్వులనూనె, ఆవాలు, ఒక ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. పోపు చల్లారాకే కలపాలి. వేడిగా పోస్తే పడ్డచోట ముక్క ఉడికిపోతుంది. కొత్తిమీర వడ్డించే నిమిషంలో. పులుపు తగిలి ఎక్కువసేపుంటే ఆకుపచ్చ రంగు బూడిదగా మారిపోతుంది. బీట్‌రూట్ వేద్దామనిపిస్తే వెయ్యండి కానీ గిన్నె మొత్తం ఒకే రంగు తేలుతుందని తెలిసి వెయ్యండి. ఎర్ర క్యాబేజీ సూపర్‌మార్కెట్లో దొరికి తెచ్చారనుకోండి, పులుపు పడకముందు బోరునీళ్లలో కడిగితే ఒక్కోసారి నీలంగా తిరుగుతుంది. కంగారు పడొద్దు, మామిడి ముక్కలు పడగానే గులాబీ రంగులోకి వస్తుంది. ఆ రంగు పులుపును బట్టి మారే రకం.

ఇది వేటి పక్కన పెట్టాలి? పులుసు, పచ్చిపులుసు ఉన్న రోజు అనవసరం, పులుపు మీద పులుపు. ముద్దపప్పు, వేపుడు ఉన్న రోజు పెట్టాలి. కోడివేపుడు, చేపల వేపుడు ఉంటే ఇంకా బాగా అతుకుతుంది. లెక్సింగ్టన్‌లో స్లా చేసే పనే అది కదా. సజ్జ రొట్టె, జొన్నరొట్టె చేసుకునే ఇళ్లలో రొట్టె మధ్యలో పెట్టి మడిచి తినొచ్చు. అక్కడ గట్టిగా పిండి పెట్టాలి. అన్నంలోకైతే కొంచెం తక్కువ పిండినా పర్వాలేదు. నా మటుకు నేను మరీ పిండను.

ఇప్పుడు ఆ కింద గిన్నెలో చేరిన నీళ్లు. దోసకాయ, కీర, క్యారెట్‌ల నుంచి దిగిన ఉప్పునీళ్లు అవి, కమ్మగానే ఉంటాయి. అమెరికన్ పుస్తకం పారబొయ్యమంటుంది. పల్చటి మజ్జిగలో పోసి, అల్లం ముక్క, కరివేపాకు నలిపి వేస్తే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఎండలోంచి వచ్చినవాళ్లకు భోజనానికి ముందు ఇవ్వొచ్చు. స్లా ఏమైనా మిగిలితే మర్నాటిదాకా ఉంచకుండా రాత్రికే పెరుగులో కలిపి పెరుగుపచ్చడి చేసేయడం మంచిది. పల్లీలు అప్పటికి మెత్తబడి ఉంటాయి, ఇంకో నాలుగు వేయించి వేసుకోవాలి.